అందరిదీ ఒకే జట్టు

ఇంట్లో కష్టం వచ్చిందని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న ఉద్యోగం పోయిందనో, నానమ్మకు పెద్ద జబ్బు చేసిందనో మనం నోరు విప్పేలోపే వాళ్లు పసిగట్టేస్తారు. వంటింట్లో మాటలు తగ్గుతాయి. ఫోన్ మోగగానే అమ్మ బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేస్తుంది. ఏమైందని అడిగితే "ఏం లేదు, నువ్వెళ్లి చదువుకో" అంటారు. ఏదో జరిగిందని పిల్లలకు తెలుసు. దాంట్లో తాము చేయగలిగింది ఏమన్నా ఉందా అన్నదే తెలియదు. వాళ్లను ఎక్కువగా నలిపేది అదే.

అలాంటి ఏడాది గడుపుతున్న అమ్మానాన్నలకు నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. వారానికి ఒకటి రెండు సాయంత్రాలు, పిల్లలతో కలిసి కింద కూర్చుని బోర్డ్ గేమ్ ఆడండి. ఆటతో అప్పు తీరదు, జబ్బు తగ్గదు. కానీ ఆ ముప్పావుగంట పిల్లవాడికి ఒక వంతు ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లంతా ఆగి, వాడేం చేస్తాడా అని చూస్తారు. వాడు తీసుకున్న నిర్ణయం వల్ల ఆట మారుతుంది. మిగతా రోజంతా ఏదీ తన చేతిలో లేని పిల్లవాడికి ఇది చాలా పెద్ద విషయం.

బోర్డ్ గేమ్ అంటే మనకు కొత్తేం కాదు. వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులిజూదం ఆడి పెరిగినవాళ్లమే. అవి ఇంట్లో ఉంటే హాయిగా వాటితోనే మొదలుపెట్టండి. అమ్మమ్మ చేతికి నాలుగు గవ్వలిస్తే చాలు, ఎవరికీ తెలియని ఎత్తులు ఆమె దగ్గర ఉంటాయి. అయితే వైకుంఠపాళిలో పాచిక చెప్పినట్టు పోవడమే తప్ప మనం ఆలోచించడానికేమీ లేదు. 'బిజినెస్' ఆటలో ఆలోచన ఉంది గానీ, ఒక్కొక్కరూ దివాలా తీసి బయటికి పోవాలి, మిగిలిన ఒక్కరూ గెలవాలి. డబ్బు గురించి రాత్రిళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న ఇంట్లో, ఎనిమిదేళ్ల పిల్ల తన కాగితం నోట్లన్నీ అన్నయ్యకు కట్టేసి పక్కన కూర్చోవడం నాకు నచ్చదు. ఈ ఏడాదికి ఆ పెట్టెను అటక మీదే ఉంచండి.

నేను చెబుతున్నవి ఇటీవలి మూడు నాలుగు దశాబ్దాల్లో, ముఖ్యంగా జర్మనీ నుంచి, వ్యాపించిన ఆటలు. వీటిలో చాలావాటికి మంచి పద్ధతి ఒకటుంది. చివరిదాకా ఎవరూ ఆట నుంచి వెళ్లిపోరు. గంటలోపు, మహా అయితే గంటన్నరలో అయిపోతాయి. అదృష్టం కొంత ఉంటుంది, ఆలోచన కొంత ఉంటుంది. అందుకే తాతయ్యా మనవరాలూ సరిసమానంగా ఆడగలరు. ఏది మంచిదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. జర్మనీలో 1979 నుంచి ఏటా 'ష్పీల్ డెస్ యారెస్' పేరుతో ఆ ఏటి మేటి ఆటకు బహుమతి ఇస్తున్నారు. ఆ బహుమతి పొందిన పెట్టె మీద ఎర్రటి పావు బొమ్మ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆడుకునేవాటికి ఎరుపు, చిన్నపిల్లలవాటికి నీలం. కొట్లో ఏది కొనాలో తోచనప్పుడు ఆ బొమ్మను నమ్మొచ్చు.

1995లో ఆ బహుమతి 'కటాన్' అనే ఆటకు వచ్చింది. దాన్ని కనిపెట్టిన క్లాస్ టాయిబర్ కట్టుడు పళ్లు తయారుచేసే పనివాడు. ఆ పనిలో చికాకులు భరించలేక, సాయంత్రాలు ఇంటి నేలమాళిగలో కూర్చుని ఆటలు తయారుచేసుకునేవాడు. తయారైనంతవరకు పైకి తెచ్చి భార్యాపిల్లలతో ఆడించి చూసేవాడు. ప్రపంచమంతా ఆడిన ఆట అలా ఒక మనిషి కష్టకాలంలో, సొంతింటి బల్ల మీద పుట్టింది. ఈ సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. కటాన్ మంచి ఆటే గానీ, అందులో ఒకరి దారికి మరొకరు అడ్డుపడటం, ఒకరి సరుకు మరొకరు లాక్కోవడం ఉంటాయి. ఇంట్లో అందరి మనసులూ పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని వాయిదా వేసి, అందరూ ఒకే పక్షాన ఉండే ఆటతో మొదలుపెట్టమంటాను.

అలాంటి ఆటలు చాలా ఉన్నాయి. అందరూ కలిసి ఆటతోనే పోరాడతారు. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. మ్యాట్ లీకాక్ అనే అమెరికన్ రూపొందించగా 2008లో వచ్చిన 'పాండమిక్' వీటిలో పేరుపొందింది. ప్రపంచ పటం మీద 48 నగరాలు, నాలుగు రంగుల్లో నాలుగు జబ్బులు. ఆడేవాళ్లలో ఒకరు వైద్యం చేసేవారు, ఒకరు శాస్త్రవేత్త, ఇలా ఎవరి పని వారిది. నాలుగు జబ్బులకూ మందు కనిపెడితే గెలిచినట్టు. గెలవడానికి ఇదొక్కటే దారి, ఓడిపోవడానికి మాత్రం మూడు దారులున్నాయి. 2020 మార్చిలో, ఇక్కడ మనం లాక్‌డౌన్‌లోకి వెళ్లిన రోజుల్లోనే, లీకాక్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. ఈ ఆటను ఏ ఒక్కరూ ఒంటరిగా గెలవలేరన్నది దాని సారాంశం.

ఆట ఎలా నడుస్తుందో ఒక్క వంతు చూపిస్తాను. మన దేశం నుంచి ఆ పటంలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై ఉన్నాయి. చెన్నై మీద జబ్బుకు గుర్తుగా ఇప్పటికే మూడు నల్ల దిమ్మలున్నాయి. ఒక ఊళ్లో మూడుకు మించి పట్టవు. నాలుగోది పెట్టాల్సి వచ్చిందా, జబ్బు చెన్నై దాటి ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, బ్యాంకాక్, జకార్తాలకు ఒక్కొక్క దిమ్మ చొప్పున పాకుతుంది. వైద్యురాలి పావు మీ పదేళ్ల అమ్మాయిది, బ్యాంకాక్‌లో ఉంది. ఒక్కో వంతులో నాలుగు పనులే చేయాలి. ఆ పిల్ల వేలితో దారి గీసుకుంటూ లెక్కపెడుతుంది: చెన్నైకి వెళ్లడం ఒకటి, అక్కడి దిమ్మలన్నీ తీసేయడం రెండు, కోల్‌కతాకు వెళ్లడం మూడు, అక్కడివి తీసేయడం నాలుగు. మిగతావాళ్లు ఒక్కో పనికి ఒక్కో దిమ్మే తీయగలరు. వైద్యురాలు ఒక్క పనితో ఆ ఊళ్లోని ఒక రంగు దిమ్మలన్నీ తీసేస్తుంది. రెండు పెద్ద నగరాలు ఒక్క వంతులో ఊపిరి పీల్చుకుంటాయి. ఆ పని తనవల్లే అయిందని అప్పుడా పిల్లకు తెలుస్తుంది. మీరు పొగడనక్కర్లేదు.

ఇక్కడే మీకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్పాలి. ఆ నాలుగు పనులు ఆ పిల్ల లెక్కపెట్టుకుంటున్నప్పుడు మీరు మాట్లాడకండి. జట్టు ఆటల్లో పెద్దవాళ్లకు పెద్ద ప్రలోభం ఇదే. దారి మనకు ముందే కనిపిస్తుంది. "అమ్మా, నువ్వు చెన్నై వెళ్లి అది తీసేయ్, తర్వాత కోల్‌కతా" అని చెప్పేస్తాం. అనుభవమున్న మనిషి ఒకరు అందరి పావులూ నడిపించేస్తే, మిగిలినవాళ్లు చేతులు అరువిచ్చినట్టే. కష్టకాలంలో ఈ తొందర ఇంకా ఎక్కువ, ఎందుకంటే అన్నీ చేజారిపోతున్న రోజుల్లో పెద్దవాళ్లకూ ఏదో ఒకటి తమ చెప్పుచేతల్లో ఉండాలనిపిస్తుంది. అర్థం చేసుకోగలను. అయినా ఆగండి. పిల్ల అడిగితే చెప్పండి, అదీ "నీకు కనిపిస్తున్న దారులేమిటి" అని తిరిగి అడిగి చెప్పండి. పొరపాటు చేస్తే చేయనివ్వండి. జబ్బు ఐదు నగరాలకు పాకితే పాకనివ్వండి. దాని తర్వాత అందరూ తలలు దగ్గర పెట్టి "ఇప్పుడేం చేద్దాం" అనుకునే ఆ రెండు నిమిషాలే ఈ ఆటలో అసలు సంగతి. ఆ రెండు నిమిషాల్లో పిల్లలు చూసేది, పొరపాటు జరిగాక వాళ్ల అమ్మానాన్నలు ఎలా ఉంటారన్నది.

ఇంకో మేలు కూడా ఉంది. ఇద్దరు పిల్లల్లో చిన్నవాణ్ణి మనం ఆటలో అరటిపండును చేస్తాం. వాడు తప్పు చేసినా లెక్కలోకి రాదు, ఒప్పు చేసినా రాదు. జట్టు ఆటలో వాడి చేతికీ నిజమైన పని ఇవ్వొచ్చు, పక్కన ఒకరు సాయం కూర్చుంటే చాలు.

కథను మాత్రం చూసి ఎంచుకోండి. ఇంట్లో ఎవరికో ఇన్ఫెక్షన్ సోకి ఆస్పత్రిలో ఉంటే, జబ్బుల ఆట కొందరు పిల్లలకు ధైర్యమిస్తుంది, కొందరికి నిద్ర పట్టనివ్వదు. లీకాక్‌దే 'ఫర్‌బిడెన్ ఐలాండ్' అని తేలికైన ఆట ఉంది. మునిగిపోతున్న దీవి నుంచి నాలుగు నిధులు తీసుకుని హెలికాప్టర్లో బయటపడాలి. చాలా ఇళ్లకు నేను ముందుగా సూచించేది అదే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్లో మేడ మీదికెక్కి నీళ్లు చూసిన పిల్లల ముందు ఆ పెట్టె తెరిచేముందు ఒక్కసారి ఆలోచించాలి. కథ చెప్పి, "ఇది ఆడదామా, వేరేది తీద్దామా" అని వాళ్లనే అడగండి. పిల్లలు దాపరికం లేకుండా చెబుతారు.

డబ్బు సంగతి. దిగుమతి అయ్యే ఆటలు చాలావరకు వేలల్లోనే ఉంటాయి. చేతిలో డబ్బు ఆడని ఏడాది వాటిని కొనమని నేను చెప్పను. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి, మార్చుకోండి. లేదంటే కాగితాలు కత్తిరించుకుని ఇంట్లోనే ఒక ఆట తయారుచేసుకోండి. చెక్ దేశస్థుడు వ్లాదా హ్వాతిల్ చేసిన 'కోడ్‌నేమ్స్' 2016లో జర్మన్ బహుమతి గెలిచింది. దాన్ని తెలుగు మాటలతో ఆడుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇరవై ఐదు చీటీల మీద ఒక్కో మాట రాసి, ఐదు వరసల్లో ఐదేసి చొప్పున పరవండి. రెండు జట్లు. ఒక్కో జట్టులో ఒకరు చెప్పేవారు, మిగతావారు కనిపెట్టేవారు. ఏ చీటీ ఎవరిదో చూపే పటం ఆ చెప్పే ఇద్దరికే కనిపించాలి: మొదలుపెట్టే జట్టుకు 9, రెండోదానికి 8, ఎవరివీ కానివి 7, ముట్టుకుంటే ఆటే పోయే చీటీ 1. చెప్పేవారు ఒక మాట, ఒక అంకె మాత్రమే చెప్పాలి. ఆ మాటతో తమ చీటీలు ఎన్ని కలుస్తాయో ఆ అంకె.

నాకు తెలిసిన ఇంట్లో ఒక అమ్మమ్మ "ఆవకాయ, మూడు" అంది. మనవడు మామిడి ముట్టుకున్నాడు, ఉప్పు ముట్టుకున్నాడు, రెండూ సరైనవే. మూడోదానికి చాలాసేపు ఆలోచించి 'ఎండ' మీద వేలు పెట్టాడు. ఆమె అనుకున్నది 'జాడీ'. "ఎండాకాలంలోనే కదా అమ్మమ్మా పెడతావు" అని వాడి వాదన. జాడీ అంటే వాడికి తెలియదు. వాళ్లింట్లో ఆవకాయ ఉండేది ప్లాస్టిక్ డబ్బాలో. ఆ తర్వాత ఆట పావుగంట ఆగిపోయింది. ఆమె తన పుట్టింటి జాడీలు ఎంతెంత ఉండేవో, వాసెన ఎలా కట్టేవారో చెప్పింది. ఆ ఏడాదే తాతగారు పోయారు, ఆమె నెలల తరబడి పొడిపొడిగా తప్ప మాట్లాడలేదు. ఇలా జరిగి తీరుతుందని నేను మాటివ్వలేను. జరగడానికి చోటు మాత్రం ఏర్పడుతుంది.

ఇదే ఆటను వీడియో కాల్లోనూ ఆడొచ్చు, రెండు వైపులా అవే మాటలు అదే వరసలో రాసుకుంటే సరి. 2020లో విమానాలు ఆగిపోయి, పిల్లలు అమెరికాలోనూ తల్లిదండ్రులు ఇక్కడా ఉండిపోయిన ఇళ్లలో "అన్నం తిన్నారా, మాస్కు పెట్టుకున్నారా" తర్వాత మాటలు అయిపోయేవి. అలాంటి ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

దుఃఖం గురించి నోరు విప్పని పిల్లలుంటారు. వాళ్లకోసం 'డిక్సిట్' గురించి చెప్పాలి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్-లూయి రుబీరా చేసిన ఆట ఇది. ఆయన పిల్లల మానసిక వైద్యుడు. 84 బొమ్మల ముక్కలు, వాటి మీద ఒక్క అక్షరం ఉండదు, కలలోవి లాంటి బొమ్మలు. కథ చెప్పేవారు తన చేతిలోని ఒక బొమ్మకు ఒక మాటో వాక్యమో చెప్పి, దాన్ని బోర్లా పెడతారు. మిగతావారు ఆ మాటకు దగ్గరగా ఉన్న తమ బొమ్మలు పెడతారు. అన్నీ కలిపి తిప్పాక అసలుది ఏదో కనిపెట్టాలి. అందరూ కనిపెట్టేసినా, ఎవరూ కనిపెట్టలేకపోయినా చెప్పినవారికి మార్కులు రావు. అంటే మరీ విప్పి చెప్పకూడదు, మరీ దాచకూడదు. మనసులో బరువున్న పిల్లకు సరిగ్గా అంతే కావాలి.

ఒక్క జాగ్రత్త చెబుతాను, దయచేసి పాటించండి. మీ అమ్మాయి ఖాళీ ఇంటి బొమ్మ పెట్టి "నాన్న" అంటే, అక్కడే వాటేసుకుని ఏడవకండి, "అలా ఎందుకు అన్నావమ్మా" అని ప్రశ్నలు వేయకండి. అది ఆటలో చెప్పింది, ఆటలోనే వినండి. మీ ఓటు వేయండి. ఆ పిల్ల చెప్పింది ఎవరో ఒకరు అందుకున్నారని ఆమెకు తెలిస్తే ఆ రోజుకు చాలు. ప్రతి బొమ్మకూ అర్థం లాగే ఇంట్లో పిల్లలు రెండోసారి నిజం చెప్పరు.

కష్టంలో ఉన్న పిల్లలకు ఓటమి మామూలుకన్నా గట్టిగా తగులుతుంది. మొన్నటిదాకా నవ్వుతూ ఓడిన పిల్లవాడు పావులు విసిరికొట్టొచ్చు. అప్పుడు ఆటలో గెలుపోటములు సహజమని ఉపన్యాసం ఇస్తే వాడికి మండుతుంది. పావులు మీరే ఏరండి, కాసిని నీళ్లివ్వండి, ఆట ఆపేయండి. తర్వాత ఆడేది జట్టు ఆట అయితే మంచిది. వాడి కోసం కావాలని ఓడిపోవద్దు. పిల్లలు ఇట్టే కనిపెడతారు, ఇంట్లో ఇంకో విషయం తమ దగ్గర దాచారనే లెక్కలో వేసుకుంటారు. వాడికి నాలుగు మార్కులు ముందుగా ఇవ్వాలనుకుంటే అందరి ముందూ చెప్పి ఇవ్వండి, అది తొండి కాదు.

నియమాల పుస్తకాన్ని పిల్లల ముందు విప్పి చదవొద్దు. ముందు రోజు రాత్రే చదువుకుని, రెండు చేతులూ మీరే అయి ఒకసారి ఆడి చూసుకోండి. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా చెప్పడం తెలుగులో, ఆడుతూ ఆడుతూ చెప్పండి. మొదటిసారి అందరి ముక్కలూ పైకి కనిపించేలా పెట్టుకుని ఆడితే భయం పోతుంది.

పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. పేకాటతో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మనకు తెలుసు. చేతిలో ముక్కలు చూడగానే తాతయ్య ముఖం ముడుచుకుంటే అది ఛాందసం కాదు, ఆయన చూసిన బాధ. వాదించకుండా ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. డబ్బు లేదు, పందెం లేదు, బొమ్మలే ఉన్నాయి అని ఆయనకే తెలుస్తుంది.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో "ఇప్పుడు ఆటలేంటి" అనే మాట రాకమానదు. ఇంట్లో తుఫాను నడుస్తుంటే పుస్తకం ముందు గంటలు కూర్చున్న పిల్లలందరూ చదువుతున్నట్టు కాదు. ఆదివారం నలభై నిమిషాలు వదలండి. అలాగని ఈ ఆటల వల్ల లెక్కలు బాగా వస్తాయని, బుర్ర పదునెక్కుతుందని చెప్పి మాత్రం కూర్చోబెట్టకండి. అది ఇంకో ట్యూషన్ అయిపోతుంది. రానంటే బలవంతం వద్దు. మిగతావాళ్లు ఆడుతుంటే అటుగా వచ్చి, నిలబడి చూసి, "అక్కడ కాదు, ఇక్కడ పెట్టు" అంటారు. అప్పుడు కొంచెం జరిగి చోటివ్వండి.

చివరిగా, ఆటలో కూర్చున్నప్పుడే పిల్లలు అసలు ప్రశ్న అడుగుతారు. మన ముఖంలోకి చూడాల్సిన పనిలేదు, కళ్లు పావుల మీద ఉంటాయి, చేతులకు పని ఉంటుంది. అందుకే ధైర్యం వస్తుంది. "మనం ఈ ఇల్లు ఖాళీ చేయాలా?" "నానమ్మ ఇంటికొస్తుందా?" అని మామూలు గొంతుతో అడుగుతారు. "ఆట మధ్యలో అవన్నీ ఎందుకు" అనకండి. మీకు తెలిసింది తెలిసినంతవరకు, వాళ్ల వయసుకు అర్థమయ్యే మాటల్లో, అప్పటికప్పుడే చెప్పండి. తెలియకపోతే "డాక్టరుగారు బుధవారం చెబుతామన్నారు, చెప్పగానే నీకూ చెబుతాను" అనండి, బుధవారం తప్పకుండా చెప్పండి. ఆ తర్వాత ఆట సాగించాలా, పెట్టెలో పెట్టేయాలా అన్నది వాళ్లనే అడగండి.